తిమ్మిర్లకు గోధుమే కారణమా? జహీరాబాద్ నుంచి కొన్ని లెక్కలు

రోజుకు 455 గ్రాములు, రోజుకు 25 గ్రాములు. మొదటి అంకె ఉత్తర భారతంలో ఒక మనిషి సగటున తినే గోధుమ, రెండోది దక్షిణాదిలో తినేది. 2016లో ‘అమెరికన్ జర్నల్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ’లో వచ్చిన అధ్యయనం ఈ లెక్క తేల్చింది. 25 గ్రాములంటే ఒక పుల్కా. జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్ళలో పెద్దతరం ఇళ్ళలో ఆ పుల్కా కూడా రోజూ ఉండేది కాదు. పొద్దున జొన్న గట్కనో అంబలో తాగి చేనుకు పోయేవాళ్ళు. పొద్దుగూకాక జొన్న రొట్టె, పప్పు, ఏదో ఒక ఆకుకూర. గోధుమపిండి తడిపేది పండగకు బక్షాలు చేసేటప్పుడే.

ఇప్పుడు కంచం మారింది. షుగర్ వచ్చిందని రాత్రి అన్నం మాని చపాతీ తినేవాళ్ళు ప్రతి వాడలో ఉన్నారు. పొద్దున బొంబాయి రవ్వ ఉప్మా, టీలోకి రస్కు, పిల్లల డబ్బాలో నూడుల్స్, బస్టాండు దగ్గర బేకరీలో పఫ్. గోధుమ ఇంట్లోకి వచ్చిన కొన్నేళ్ళకే దాని మీద భయమూ వచ్చింది. గ్లూటెన్ మెదడును తినేస్తుందని, కాళ్ళ తిమ్మిర్లకు గోధుమ మానడమే మందని వీడియోలు ఫోన్ నుంచి ఫోన్‌కు పోతున్నాయి. వాటిని నమ్మి చపాతీ మానేసినవాళ్ళున్నారు. కొట్టిపారేసి, నిజంగా చేయించుకోవాల్సిన పరీక్ష చేయించుకోనివాళ్ళూ ఉన్నారు. ఇద్దరికీ నష్టమే.

గ్లూటెన్ వల్ల నరాలు, చిన్నమెదడు దెబ్బతినడం నిజం. అది కొద్దిమందికే జరుగుతుందన్నదీ అంతే నిజం. ఆ కొద్దిమంది ఎవరో పట్టిచ్చే రక్తపరీక్ష ఉంది. అయితే అది గోధుమ తింటున్నప్పుడే సరిగ్గా పనిచేస్తుంది. ముందు మానేసి తర్వాత పరీక్షకు పోతే జవాబు దొరకదు. ఈ కథనంలోని అంకెలన్నీ చివరికి తీసుకువచ్చేది ఈ మాట దగ్గరికే.

జన్యువు సమానమే, కంచంలోనే తేడా

గ్లూటెన్ అంటే గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే మాంసకృత్తుల సముదాయం. చపాతీ పిండి సాగేది దాని వల్లే. కొందరి శరీరం దీన్ని శత్రువనుకుని తన పేగు మీద తానే దాడి చేసుకుంటుంది. అదే సీలియాక్ వ్యాధి. ఈ జబ్బు రావాలంటే హెచ్‌ఎల్‌ఏ డీక్యూ2 లేదా డీక్యూ8 అనే జన్యు రకాల్లో ఒకటి దాదాపు తప్పనిసరిగా ఉండాలి.

2016 నాటి అధ్యయనం ఉత్తర, ఈశాన్య, దక్షిణ భారతాల్లో 23,331 మంది పెద్దవాళ్ళను పరీక్షించింది. ఆ జన్యు రకాలు ఉత్తరాదిలో 38.1 శాతం మందిలో, ఈశాన్యంలో 31.4 శాతం మందిలో, దక్షిణాదిలో 36.4 శాతం మందిలో కనిపించాయి. ఉత్తరానికీ దక్షిణానికీ తేడా రెండు శాతం కూడా లేదు. జబ్బు లెక్కకు వచ్చేసరికి ఉత్తరాదిలో ప్రతి వెయ్యిమందిలో 8.53, ఈశాన్యంలో 4.66, దక్షిణాదిలో 0.11. ఉత్తరాదిలో సుమారు 117 మందిలో ఒకరికి ఉన్న జబ్బు దక్షిణాదిలో సుమారు 9,000 మందిలో ఒకరికి ఉంది. అంతకుముందు 2011లో ఢిల్లీ ప్రాంతంలో 10,488 మందిని పరీక్షించినప్పుడు ప్రతి 96 మందిలో ఒకరికి సీలియాక్ తేలింది.

దీన్ని జహీరాబాద్‌కు వర్తింపజేసి చూద్దాం. 2011 జనాభా లెక్కల్లో పట్టణ జనాభా సుమారు 71 వేలు. దక్షిణాది రేటు ప్రకారం ఇక్కడ సీలియాక్ ఉన్నవాళ్ళు ఎనిమిది మంది. ఉత్తరాది రేటైతే ఆరు వందలు దాటుతారు. ఇది పెద్దవాళ్ళ రేటుతో వేసిన కాగితం లెక్క. పైగా ఆ అధ్యయనంలోని దక్షిణాది కంచం అన్నం కంచం, జహీరాబాద్‌ది జొన్న కంచం. అయినా ఒక విషయం తేటతెల్లమవుతోంది. మన రక్తంలో ఏదో ప్రత్యేక రక్షణ ఉండి ఈ జబ్బు మనకు తక్కువగా లేదు. జన్యువు ప్రతి ముగ్గురిలో ఒకరికి ఉండనే ఉంది. మనం తిన్న గోధుమ తక్కువ, తింటూ వచ్చిన కాలమూ తక్కువ. ఈశాన్యం ఇంకో హెచ్చరిక చేస్తోంది. అక్కడ రోజుకు తినే గోధుమ 37 గ్రాములే, మనకన్నా 12 గ్రాములు ఎక్కువ. జబ్బు మాత్రం మనకన్నా నలభై రెట్లు ఎక్కువ. అంటే జన్యువు, గోధుమ కాక ఇంకా కారణాలున్నాయన్నమాట. గోధుమ తక్కువ తింటున్నాం కాబట్టి మనకు రాదని ధీమాగా కూర్చోవడానికి లేదు.

పేగు జబ్బు నరాల దాకా ఎలా వచ్చింది

గోధుమకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని పట్టుకున్నది విల్లెమ్ డికె అనే డచ్ పిల్లల వైద్యుడు. రెండో ప్రపంచయుద్ధం చివర 1944–45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువు వచ్చి రొట్టె దొరకలేదు. ఊరంతా ఆకలితో నకనకలాడుతుంటే సీలియాక్ పిల్లలు మాత్రం తేరుకున్నారు. గోధుమ మళ్ళీ దొరకగానే మళ్ళీ జబ్బుపడ్డారు. 1950లో ఆయన తన పరిశోధన గ్రంథంలో ఈ సంగతిని నిరూపించాడు. అప్పటికి అందరి దృష్టీ పేగు మీదే. విరేచనాలు, బక్కచిక్కిన ఒళ్ళు, ఎదగని పిల్లలు. నరాల మాట ఎవరూ ఎత్తలేదు.

1966లో బ్రిటన్ వైద్యులు కుక్, స్మిత్ ‘బ్రెయిన్’ పత్రికలో 16 మంది సీలియాక్ రోగుల గురించి రాశారు. వాళ్ళకు నరాలు దెబ్బతిన్నాయి, నడక తూలుతోంది. ఆ తర్వాత మూడు దశాబ్దాలు ఇదొక అరుదైన విడ్డూరంగానే మిగిలిపోయింది.

ప్రశ్నను తిరగేసి అడిగినవాడు షెఫీల్డ్ నరాల వైద్యుడు మారియోస్ హాజివాసిలియూ. సీలియాక్ ఉన్నవాళ్ళలో నరాల జబ్బు ఎంతమందికి అని అందరూ చూస్తుంటే, కారణం తేలని నరాల జబ్బు ఉన్నవాళ్ళలో గ్లూటెన్ పడనివాళ్ళు ఎంతమంది అని ఆయన బృందం చూసింది. 1996లో ‘లాన్సెట్’లో వచ్చిన ఆ లెక్క ఇది. కారణం తెలియని నరాల జబ్బుతో బాధపడుతున్న 53 మందిలో 57 శాతం మందికి గ్లూటెన్‌లోని గ్లయాడిన్‌కు వ్యతిరేకంగా యాంటీబాడీలున్నాయి. కారణం తెలిసిన నరాల జబ్బులవాళ్ళలో అవి 5 శాతం మందికే ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న రక్తదాతల్లో 12 శాతం.

57 అందరికీ గుర్తుంటుంది. గుర్తుంచుకోవాల్సింది మాత్రం 12. ఏ జబ్బూ లేకుండా రక్తం ఇవ్వడానికి వచ్చిన ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి ఈ యాంటీబాడీ ఉంది. కాబట్టి ‘యాంటీ గ్లయాడిన్ పాజిటివ్’ అన్న ఒక్క కాగితం చూసి జబ్బు నిర్ధారించలేం.

2003లో అదే బృందం 224 మంది అటాక్సియా రోగుల లెక్క బయటపెట్టింది. అటాక్సియా అంటే కండరాల్లో బలం ఉన్నా వాటి మధ్య పొత్తు కుదరకపోవడం. నడుస్తుంటే తూలడం, గుండీ పెట్టుకోబోతే వేళ్ళు తప్పడం, మాట ముద్దగా రావడం. వంశపారంపర్యంగా అటాక్సియా వచ్చిన 59 మందిలో 14 శాతానికి ఆ యాంటీబాడీలున్నాయి. ఏ కారణమూ దొరకని 132 మందిలో 41 శాతానికి ఉన్నాయి. పోలిక కోసం పరీక్షించిన 1,200 మందిలో మళ్ళీ 12 శాతమే.

యాంటీబాడీలున్న రోగులను దగ్గరగా చూస్తే ఇంకో ముఖ్యమైన అంకె బయటపడింది. వాళ్ళలో పొట్ట బాధలున్నవాళ్ళు 13 శాతమే. పేగు దెబ్బతిన్నట్టు బయాప్సీలో తేలింది 24 శాతానికి. నడక తూలడం మాత్రం నూటికి నూరుమందికీ ఉంది, స్కానింగ్‌లో చిన్నమెదడు కుంచించుకుపోవడం 79 శాతానికి కనిపించింది. జబ్బు మొదలైన సగటు వయసు 48 ఏళ్ళు. అంటే పొట్ట నిక్షేపంగా ఉన్న నడివయసు మనిషికి గోధుమ వల్ల నడక తప్పవచ్చు. విరేచనాలు లేవు కాబట్టి సీలియాక్ కాదని వైద్యుడు పక్కన పెట్టేస్తే ఇలాంటివాళ్ళు ఎప్పటికీ దొరకరు.

లోపల జరిగేది

గ్లూటెన్ దెబ్బ నరాలకు రెండు దారుల్లో తగులుతుంది.

మొదటిది దాడి. గ్లయాడిన్‌ను మన జీర్ణరసాలు పూర్తిగా ముక్కలు చేయలేవు. 33 అమైనో ఆమ్లాల పొడవున్న ఒక ముక్క అరగకుండా మిగిలిపోతుందని 2002లో శాస్త్రవేత్తలు చూపించారు. పేగు గోడలో ట్రాన్స్‌గ్లూటమినేజ్ 2 అనే ఎంజైమ్ ఆ ముక్కను కొంచెం మారుస్తుంది. డీక్యూ2, డీక్యూ8 జన్యువులున్నవాళ్ళ రోగనిరోధక కణాలు మారిన ముక్కను పట్టుకుని పోరు మొదలుపెడతాయి. ఆ పోరులో సొంత ఎంజైమ్ మీదే యాంటీబాడీలు తయారవుతాయి. ఈ ఎంజైమ్‌కు చర్మంలో ఒక తోబుట్టువు ఉంది, ట్రాన్స్‌గ్లూటమినేజ్ 3. దాని మీద దాడి జరిగితే చర్మం మీద దురద పొక్కులు. మెదడులో ఇంకోటి ఉంది, ట్రాన్స్‌గ్లూటమినేజ్ 6. గ్లూటెన్ అటాక్సియా ఉన్నవాళ్ళలో దాని మీద యాంటీబాడీలున్నాయని 2008లో తేలింది. చిన్నమెదడులో కదలికలను సమన్వయం చేసే పుర్కింజీ కణాలు ఈ జబ్బులో నశిస్తాయి. ఒకసారి పోయిన పుర్కింజీ కణం మళ్ళీ పుట్టదు. త్వరగా కనిపెట్టాలని తొందరపడేది అందుకే.

రెండోది లోటు. పేగు లోపలి పొర దెబ్బతింటే బీ12, ఫోలేట్, బీ1, విటమిన్ ఇ, రాగి వంటివి ఒంటికి పట్టవు. వీటిలో ఏది తగ్గినా నరాలకు దెబ్బే. ఈ రెండో దారి వల్ల వచ్చిన తిమ్మిర్లు లోటు పూడ్చితే చాలావరకు తగ్గుతాయి.

ఎంతమందికి వస్తుంది, ఎంతమందికి రాదు

స్వీడన్‌లో 28,232 మంది సీలియాక్ రోగులను ఏళ్ళ తరబడి గమనించి 2015లో లెక్క తేల్చారు. నరాలు దెబ్బతిని తిమ్మిర్లు, మంటలు వచ్చినవాళ్ళు వాళ్ళలో 0.7 శాతం. సీలియాక్ లేనివాళ్ళలో 0.3 శాతం. ‘సీలియాక్ ఉంటే నరాల జబ్బు రెండున్నర రెట్లు’ అని రాసినా తప్పు కాదు. ‘వెయ్యిమంది సీలియాక్ రోగుల్లో 993 మందికి రాలేదు’ అని రాసినా తప్పు కాదు. పాఠకులకు రెండూ చెప్పాలి.

మతిమరుపు భయానికి కూడా స్వీడన్ లెక్కే జవాబు. 2016లో సీలియాక్ ఉన్న 8,846 మంది పెద్దవయసువాళ్ళను చూస్తే డిమెన్షియా వచ్చినవాళ్ళు 4.3 శాతం, సీలియాక్ లేనివాళ్ళలో 4.4 శాతం. మొత్తం మీద తేడా లేదు. మరి సీలియాక్ లేని మామూలు మనుషుల మాటేమిటి? 2021లో అమెరికాలో 13,494 మంది మహిళల ఆహారాన్ని, జ్ఞాపకశక్తి పరీక్షలను పక్కపక్కన పెట్టి చూశారు. గ్లూటెన్ ఎక్కువ తిన్నవాళ్ళకూ తక్కువ తిన్నవాళ్ళకూ ఆలోచనలో, జ్ఞాపకంలో తేడా కనబడలేదు. గోధుమ అందరి మెదడుకూ విషమన్న మాట ఈ లెక్క ముందు నిలవదు.

ఇంకో రకం వాళ్ళున్నారు. సీలియాక్ పరీక్షలు బాగానే ఉంటాయి, గోధుమ తింటే మాత్రం కడుపు ఉబ్బరం, తలనొప్పి, బుర్ర మసకబారినట్టు ఉండడం. వాళ్ళ బాధ అబద్ధం కాదు. దాని కారణం గ్లూటెనేనా అన్నదే ప్రశ్న. ఏది తింటున్నారో రోగికీ వైద్యుడికీ తెలియకుండా, ఒకసారి గ్లూటెన్, ఒకసారి గ్లూటెన్ లేనిది ఇచ్చి చూసిన పది అధ్యయనాలను 2017లో కలిపి పరిశీలించారు. గ్లూటెన్ వల్లే బాధ వచ్చిందని తేలినవాళ్ళు 16 శాతం. గ్లూటెన్ లేనిది తిన్నా అవే బాధలు వచ్చినవాళ్ళు 40 శాతం. 2018లో నార్వేలో 59 మందిని పరీక్షిస్తే ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఫ్రక్టాన్ అనే పిండిపదార్థమని తేలింది. అది గోధుమలో ఉంది, ఉల్లిగడ్డలో, ఎల్లిగడ్డలో కూడా ఉంది. గోధుమ మానితే హాయిగా ఉందంటే, ఆ హాయికి కారణం గ్లూటెన్ పోవడం కాకపోవచ్చు.

మానేస్తే మారుతుందా

2003లో షెఫీల్డ్ బృందం గ్లూటెన్ అటాక్సియా ఉన్న 43 మందికి గోధుమ మానమని చెప్పింది. 26 మంది గట్టిగా పాటించారు, ఏడాదికి వాళ్ళ రక్తంలో యాంటీబాడీలు మాయమయ్యాయి. 14 మంది మానలేమన్నారు. మిగిలిన ముగ్గురిలో మానినా యాంటీబాడీలు పోలేదు, వాళ్ళను లెక్కలోకి తీసుకోలేదు. ఏడాది తర్వాత పరీక్షిస్తే మానినవాళ్ళ నడక, చేతుల పట్టు మెరుగుపడ్డాయి. పేగు దెబ్బతిన్నవాళ్ళకే కాదు, దెబ్బతినని వాళ్ళకు కూడా మేలు కనిపించింది. 2006లో నరాల తిమ్మిర్ల మీద ఇలాంటిదే చేశారు. 35 మందిలో 25 మంది మానారు, 10 మంది మానలేదు. మానినవాళ్ళ నరాల పరీక్షలు బాగుపడ్డాయి.

ఇవి చిన్న లెక్కలు. మానేదెవరో మాననిదెవరో చీటీ తీసి నిర్ణయించలేదు, రోగులే ఎంచుకున్నారు. అందుకని వీటిని ఆఖరి మాటగా తీసుకోలేం. కానీ వేరే మందు లేని జబ్బులో, కంచం మార్చుకుంటే నడక నిలబడే అవకాశం ఉందని ఇవి చెబుతున్నాయి. నిర్ధారణ అయిన మనిషి ప్రయత్నించడానికి ఇది చాలు.

తిమ్మిర్లు వస్తే ముందు ఎటు చూడాలి

జహీరాబాద్‌లో అరికాళ్ళు మండుతున్నాయని ఆసుపత్రికి వచ్చే మనిషికి గ్లూటెన్ కారణమయ్యే అవకాశం చాలా తక్కువ. దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు సుమారు 10.1 కోట్ల మందని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో చెప్పింది. అరికాళ్ళ మంటలకు మొదటి అనుమానితుడు అదే. రెండోది బీ12 లోపం. మాంసం, పాలు అంతంతమాత్రంగా తినేవాళ్ళకు ఇది మామూలే. షుగర్‌కు ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్ళలో బీ12 తగ్గవచ్చు. షుగర్ వల్ల వచ్చాయనుకున్న తిమ్మిర్లు కొందరిలో బీ12 వల్ల వచ్చినవై ఉంటాయి. ఆ తర్వాత మద్యం, థైరాయిడ్, మూత్రపిండాల జబ్బు, కొన్ని మందులు.

ఇవన్నీ చూశాక కూడా కారణం దొరకకపోతే అప్పుడు గ్లూటెన్ వైపు చూడాలి. కొన్ని సందర్భాల్లో ముందే చూడాలి. కారణం లేకుండా నడక తూలుతుంటే, ఐరన్ మాత్రలు వేసుకుంటున్నా రక్తహీనత తగ్గకపోతే, మోచేతులు, మోకాళ్ళ మీద విపరీతమైన దురదతో పొక్కులు లేస్తుంటే, టైప్ 1 షుగర్ గానీ థైరాయిడ్ మీద సొంత ఒంటి దాడి గానీ ఉంటే, ఇంట్లో ఎవరికైనా సీలియాక్ ఉంటే ఆలస్యం చేయకూడదు.

పరీక్షల వరస ఇదీ. మొదట రక్తంలో టీటీజీ–ఐజీఏ, అంటే ట్రాన్స్‌గ్లూటమినేజ్ 2 మీద తయారైన ఐజీఏ రకం యాంటీబాడీలు చూడాలి, దానితోపాటు మొత్తం ఐజీఏ ఎంతుందో కూడా చూడాలి. సీలియాక్ రోగుల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి ఐజీఏ పుట్టుకతోనే తక్కువ. వాళ్ళలో మొదటి పరీక్ష తప్పుగా ‘లేదు’ అంటుంది. రక్తపరీక్ష పాజిటివ్ అయితే ఎండోస్కోపీతో పేగు ముక్క తీసి చూస్తారు. అనుమానం తీరకపోతే జన్యు పరీక్ష. డీక్యూ2, డీక్యూ8 రెండూ లేకపోతే సీలియాక్ దాదాపు లేనట్టే. ఉంటే మాత్రం ఏమీ తేలదు, ఎందుకంటే అవి ప్రతి ముగ్గురిలో ఒకరికి ఉన్నాయి. నడక తూలేవాళ్ళకు యాంటీ గ్లయాడిన్, టీజీ6 (ట్రాన్స్‌గ్లూటమినేజ్ 6) పరీక్షల అవసరం నరాల వైద్యులు నిర్ణయిస్తారు.

ఇవన్నీ గోధుమ తింటూనే చేయించుకోవాలి. మానేస్తే కొన్ని నెలల్లో యాంటీబాడీలు తగ్గుతాయి, పేగు మానుతుంది, పరీక్ష ‘ఏమీ లేదు’ అంటుంది. అప్పుడు నిజం తెలియాలంటే వారాల తరబడి మళ్ళీ గోధుమ తినాలి. ఒక వీడియో చూసి ముందే మానేసిన మనిషి జీవితాంతం అనుమానంతో బతకాల్సి వస్తుంది.

20 మిల్లీగ్రాముల గీత

సీలియాక్ నిర్ధారణ అయినవాళ్ళకు జొన్న కొండంత అండ. జొన్నలో గ్లూటెన్ లేదు. జొన్న జన్యుపటాన్ని వెతికి, గ్లూటెన్‌లాంటి హానికర ముక్కలు అందులో లేవని 2013లో శాస్త్రవేత్తలు ధ్రువీకరించారు. సజ్జ, రాగి, కొర్ర, సామ, బియ్యం, మక్కలు కూడా ఆ కోవలోవే.

చిక్కు గింజలో లేదు, గిర్నిలో ఉంది. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన ప్రకారం కిలోకు 20 మిల్లీగ్రాములు మించి గ్లూటెన్ ఉంటే ఆ ఆహారం మీద ‘గ్లూటెన్ రహితం’ అని రాయకూడదు. గోధుమపిండిలో సుమారు 8 శాతం గ్లూటెన్ అనుకుందాం. గిర్నిలో అంతకుముందు గోధుమ పట్టినప్పుడు రాళ్ళ మధ్య మిగిలిన పిండి ఒక చెంచా, సుమారు 3 గ్రాములు, మీ కిలో జొన్నపిండిలో కలిసిందనుకోండి. అందులో గ్లూటెన్ 240 మిల్లీగ్రాములు. గీతకు పన్నెండు రెట్లు పైన. సీలియాక్ రోగుల మీద 2007లో చేసిన పరీక్షలో రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు ఇస్తేనే పేగు దెబ్బతింది. అది మూడింట రెండొంతుల గ్రాముకన్నా తక్కువ గోధుమపిండి, చిటికెడు.

కాబట్టి నిర్ధారణ అయిన ఇంట్లో గిర్నికి పోగానే ‘అన్నా, ఇంతకుముందు గోధుమలు పట్టినవా?’ అని అడగాలి. పట్టి ఉంటే జొన్నలు వేరే రోజు పొద్దున్నే అన్నిటికన్నా ముందు పట్టించుకోవాలి. మొదట వచ్చిన పిండి కొంత పక్కన పెట్టేయాలి. వీలైతే ఇంట్లోనే చిన్న గిర్ని పెట్టుకోవడం ఇంకా మేలు. చపాతీ కర్రను, పెనాన్ని, జల్లెడను విడిగా ఉంచాలి. ఇంగువ డబ్బా వెనక చదవాలి, ఎందుకంటే బజారులో దొరికే ఇంగువలో చాలావాటికి మైదానో గోధుమపిండో కలుపుతారు. ఎండాకాలం తాగే బార్లీ నీళ్ళలో, పిల్లల పాలల్లో కలిపే మాల్ట్ పొడుల్లో బార్లీ ఉంటుంది. సేమియా, బొంబాయి రవ్వ, గోధుమ రవ్వ, మైదా అన్నీ గోధుమవే.

నిర్ధారణ కానివాళ్ళకు ఈ జాగ్రత్తలేవీ అక్కర్లేదు.

జొన్నకూ ఒక నరాల కథ ఉంది

గోధుమను దోషిగా, జొన్నను దేవతగా నిలబెట్టడం తేలిక. తెలంగాణ చరిత్ర అందుకు ఒప్పుకోదు. 1960లో హైదరాబాద్ పోషకాహార పరిశోధనశాల శాస్త్రవేత్తలు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య ‘లాన్సెట్’లో ఒక వ్యాసం రాశారు. అదే పరిశోధనశాల తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. దక్కన్‌లో జొన్న తప్ప ఇంకేమీ దొరకని పేదల్లో పెల్లాగ్రా జబ్బు కనిపిస్తోందని వాళ్ళు చూపించారు. ఎండ తగిలేచోట చర్మం నల్లబడి పగలడం, విరేచనాలు, చివరికి మతి చలించడం ఈ జబ్బు లక్షణాలు. నియాసిన్ అనే బీ విటమిన్ ఒంటికి అందకపోవడం దీనికి మూలం. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ నియాసిన్ తయారీకి అడ్డుపడుతుందని వాళ్ళు ప్రతిపాదించారు. ఆ సిద్ధాంతం మీద తర్వాత వాదోపవాదాలు చాలా జరిగాయి. కానీ కంచంలో ఒకే గింజ మిగిలితే నరాలకు, మెదడుకు ముప్పని ఆ పేదల బతుకులే చూపించాయి.

పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు ఈ పాఠాన్ని పొలంలో రాసి చూపించారు. 1983లో మొదలైన ఈ సంస్థ జహీరాబాద్ ప్రాంతంలో సుమారు 75 ఊళ్ళలో పనిచేస్తూ వచ్చింది. అదే 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చి, జొన్న తిన్న కంచాల్లోకి తెల్లన్నం చేరింది. ఆ ఎదురుగాలిలో దళిత మహిళా రైతులు తమ విత్తనాలు తామే దాచుకుని, 1990ల్లో తాము పండించిన జొన్నలతో సొంత రేషన్ నడిపించారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి సంఘాలకు ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది.

వాళ్ళ చేను చూస్తే జొన్న ఒంటరిగా కనిపించదు. జొన్న సాళ్ళ మధ్య కంది, పెసర, అనుము, బొబ్బెర, నువ్వు, ఇంకా ఎన్నో. ఒక్క చేనులో ఇరవైకి పైగా పంటలు వేసేవాళ్ళున్నారు. వాటి మధ్య ఎవరూ విత్తకుండా మొలిచే దొగ్గలి, తుమ్మి, గునుగు వంటి ఆకుకూరలు. రొట్టెతో కందిపప్పు, ఆ కూరలు కలిస్తే జొన్నలో తక్కువైనవి పూడతాయి. పెల్లాగ్రా తెచ్చిన జొన్న కంచానికీ ఈ కంచానికీ తేడా ఆ పప్పూ ఆ ఆకూ. గ్లూటెన్ మానాల్సిన మనిషికి కూడా ఇదే కంచం సరిపోతుంది. బజారులో ‘గ్లూటెన్ రహితం’ ముద్రతో దొరికే బిస్కెట్లు, బ్రెడ్లలో చాలావాటిలో ఉండేది పిండి, చక్కెర, నూనె. పీచు తక్కువ, బీ విటమిన్లు తక్కువ. నరాలకు కావాల్సినవే వాటిలో ఉండవు.

ఈ లెక్కలన్నీ కలిపి

తిమ్మిర్లున్న ప్రతివాళ్ళూ గోధుమ మానాల్సిన పని లేదు. ముందు షుగర్, బీ12, థైరాయిడ్ చూపించుకోండి. కారణం దొరకకపోతే, నడక తూలుతుంటే టీటీజీ–ఐజీఏ పరీక్ష గురించి వైద్యులను మీరే అడగండి. పొట్ట బాగానే ఉందన్న కారణంతో ఆ పరీక్ష వద్దనిపించుకోకండి. ఫలితం వచ్చేదాకా మీ చపాతీ మీరు తినండి.

వైద్యులకు ఒక విన్నపం. ఇది ఉత్తరాది జబ్బన్న నమ్మకం మన గోధుమ 25 గ్రాములు ఉన్న రోజులది. జన్యువు మన దగ్గర 36.4 శాతం మందిలో సిద్ధంగా ఉంది, కంచంలో గోధుమ పెరుగుతోంది. కారణం తెలియని అటాక్సియా అని ఫైలు మూసే ముందు ఆ ఒక్క రక్తపరీక్ష రాయండి. దొరికేది వందల్లో ఒకరే కావచ్చు. ఆ ఒక్కరికి మిగిలిన పుర్కింజీ కణాలు ఎంత ముందు కనిపెడితే అన్ని దక్కుతాయి.

జహీరాబాద్ ఇళ్ళకు చెప్పేది కూడా ఇంతే. షుగర్ వచ్చిందని జొన్న రొట్టెను పక్కన పెట్టి చపాతీకి మారాల్సిన అవసరం ఏ రోజూ లేదు. జొన్న రొట్టె, కందిపప్పు, చేలో దొరికే ఆకుకూర సీలియాక్ ఉన్నవాళ్ళకు మందు, లేనివాళ్ళకు మంచి భోజనం. ఒకే పొయ్యి మీద ఇంటిల్లిపాదికీ వండగలిగిన ఈ కంచాన్ని నిలబెట్టుకోవడం మన చేతుల్లోనే ఉంది.